పన్నెండేళ్ళ సీబీఆర్ 250ఆర్‌తో లాంగ్ రైడ్: మీటర్ కాదు, వయసు చూడండి

సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? స్క్రీన్ మీద గీతలు చూస్తాం, కెమెరా ఓపెన్ చేస్తాం, ఆ తర్వాత నేరుగా సెట్టింగ్స్‌లోకి వెళ్ళి బ్యాటరీ హెల్త్ చూస్తాం. 80 శాతం కంటే తక్కువుంటే అక్కడి నుంచే బేరం మొదలవుతుంది. ఇన్ని చూసే నేను, పాత బైక్ కొనడానికి వెళ్ళినప్పుడు మాత్రం ఓడోమీటర్ చూసి పడిపోయాను.

2013 మోడల్ హోండా సీబీఆర్ 250ఆర్, ఏబీఎస్ వేరియంట్. మీటర్ మీద 19,000 కి.మీ. అమ్మే ఆయన సెల్లార్‌లో కవర్ తీసి చూపిస్తూ, "టైర్లు చూడు తమ్ముడూ, బటన్లు కూడా అరగలేదు" అన్నారు. నిజమే, అరగలేదు. 85 వేలకు ఫిక్స్ చేసేశాం.

ఫోన్ల రివ్యూల మధ్య ఈ బండి గోలేంటి అనుకోకండి. స్పెక్ షీట్ చూసి వస్తువుని జడ్జ్ చేసే అలవాటు నాకూ ఉంది, మీకూ ఉంది. ఆ అలవాటు లాంగ్ రైడ్ బైక్ దగ్గర ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ మోసం చేస్తుందో చెప్పడానికే ఇది.

స్పెక్స్‌లో ఓడిపోయే బండి

ముందు పేపర్ మీద లెక్క చూద్దాం. 249.6 సీసీ సింగిల్ సిలిండర్, లిక్విడ్ కూలింగ్, ఫ్యూయల్ ఇంజెక్షన్, ఆరు గేర్లు. పవర్ సుమారు 26 పీఎస్, టార్క్ 22.9 ఎన్ఎం. 13 లీటర్ల ట్యాంక్. 2011లో మన దేశానికి వచ్చింది, 2020లో బీఎస్6 రూల్స్ రావడంతో వెళ్ళిపోయింది. హోండా పెద్ద టూరింగ్ బైక్ వీఎఫ్ఆర్ 1200ఎఫ్ పోలికలతో దీన్ని డిజైన్ చేశారు.

ఇప్పుడు దీని పక్కన కొత్త హిమాలయన్ 450 పెట్టండి. 40 పీఎస్, నాలుగంగుళాల టీఎఫ్‌టీ స్క్రీన్, దాంట్లోనే గూగుల్ మ్యాప్స్. మన సీబీఆర్‌లో కనీసం ఏ గేర్‌లో ఉన్నామో చూపించే అంకె కూడా లేదు. హెడ్‌లైట్ పాత హాలోజన్. బ్లూటూత్ మాటే లేదు. కంపేరిజన్ టేబుల్ వేస్తే గ్రీన్ టిక్కులన్నీ ఒకవైపే పడతాయి.

కానీ ఆ టేబుల్‌లో ఆరో గంట ఎలా ఉంటుందన్న కాలమ్ ఉండదు.

ఆరో గంట పరీక్ష

మాది అనంతపురం, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఎన్‌హెచ్ 44 మీద షాద్‌నగర్, జడ్చర్ల, కర్నూలు, డోన్, గుత్తి మీదుగా సుమారు 360 కి.మీ. టీ బ్రేకులతో కలిపి ఆరేడు గంటలు. షోరూమ్ టెస్ట్ రైడ్ పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఏ బండైనా నచ్చుతుంది. కర్నూలు దాటాక నచ్చితేనే అది టూరింగ్ బైక్.

ఈ బండి అక్కడ గెలుస్తుంది. మొదటి కారణం గాలి. గుత్తి చుట్టుపక్కల గాలిమరలు మీలో చాలామంది చూసే ఉంటారు, ఊరికే పెట్టలేదు వాటిని. జూన్, జూలైల్లో ఆ రోడ్డు మీద గాలి ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టినట్టు ఉంటుంది. ఇంతకుముందు నా దగ్గర ఫెయిరింగ్ లేని 150 సీసీ బండి ఉండేది. దాని మీద వెళ్తే ఇంటికి చేరాక మెడ, భుజాలు రెండు రోజులు నొప్పి. సీబీఆర్ ఫుల్ ఫెయిరింగ్ ఆ దెబ్బ సగం తను తీసుకుంటుంది. పక్కగాలి కొట్టినప్పుడు మాత్రం అదే ఫెయిరింగ్ తెరచాపలా పనిచేసి బండిని పక్కకి తోస్తుంది, హ్యాండిల్ కాస్త గట్టిగా పట్టుకోవాలి.

రెండోది, కూర్చునే తీరు. చూడ్డానికి రేస్ బైక్‌లా ఉన్నా హ్యాండిల్ ఎత్తులోనే ఉంటుంది. మణికట్ల మీద బరువు పడదు. మూడోది, ఇంజిన్ అలసట తెలియనివ్వదు. గంటకి 90, 95 దగ్గర పెట్టి వదిలేస్తే బ్యాలెన్సర్ షాఫ్ట్ పుణ్యమా అని వైబ్రేషన్ చాలా తక్కువ. రెడ్‌లైన్ 10,500 దగ్గర ఉంది కాబట్టి ఆ స్పీడ్‌లో ఇంజిన్ మీద ఒత్తిడేమీ ఉండదు. నాకు లీటరుకి 32 దాకా వస్తోంది. అంటే ఇల్లు చేరడానికి ఒక్క ట్యాంక్ చాలు.

ఈ మూడూ 2013లో ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. ఫోన్‌లా అప్‌డేట్లు వచ్చి స్లో అయిపోయే యవ్వారం కాదిది. మంచి జామెట్రీకి ఎక్స్‌పైరీ డేట్ ఉండదు.

మరి ఎక్స్‌పైరీ డేట్ దేనికుంది?

బండి కొన్నాక మూడో ట్రిప్. సెప్టెంబరు, డోన్‌కి కాస్త ముందు వర్షం పట్టుకుంది. స్పీడ్ 70కి తగ్గించాను. ఊరి క్రాసింగ్ దగ్గర ముందున్న లారీ ఒక్కసారిగా స్లో అయింది. బ్రేక్ పట్టాను. లివర్ వేళ్ళ కింద టకటకా కొట్టుకుంది, ఏబీఎస్ పనిచేస్తోంది. కానీ బండి ఆగడం లేదు. జారుతూనే ఉంది. లారీ వెనక రాసిన "హారన్ ప్లీజ్" అక్షరాలు పెద్దవవుతున్నాయి. చివరి క్షణంలో బ్రేక్ కొంచెం వదిలి ఎడమ పక్క మట్టిలోకి దించాను. బండి ఆగేసరికి నేను ఆ లారీ వెనక చక్రాల పక్కన ఉన్నాను.

డోన్‌లో పంక్చర్ షాపు దగ్గర ఆపి, ఏమైందో చెప్పాను. షాపాయన ముందు టైర్ మీద గోరు గుచ్చి చూశాడు. దిగలేదు. "ఇది రబ్బరు కాదు సార్, చెక్క" అన్నాడు. తర్వాత టైర్ పక్కన చిన్నగా అచ్చు వేసిన నాలుగంకెలు చూపించాడు: 1616. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2016లో పదహారో వారం. నేను కొత్త టైర్లనుకుని మురిసిపోయినవి తొమ్మిదేళ్ళ నాటివి.

నేను చేసిన తప్పు అక్కడ అర్థమైంది. తక్కువ కిలోమీటర్లు అంటే బండి బాగుందని కాదు, ఏళ్ళ తరబడి సెల్లార్‌లో నిలబడి ఉందని. రబ్బరు తిరిగితే అరుగుతుంది, తిరక్కపోతే గట్టిపడుతుంది. అరిగితే కంటికి కనిపిస్తుంది. గట్టిపడితే వర్షంలో లారీ వెనక తెలుస్తుంది. ఏబీఎస్ చక్రం లాక్ అవ్వకుండా చూస్తుంది, లేని గ్రిప్‌ని పుట్టించలేదు. ఆ రోజు అది లేకపోతే మాత్రం నేను కిందపడేవాణ్ణే.

మిగతా వంద కి.మీ. యాభైలో వెళ్ళాను. ఇంట్లో, "ఇంత లేటేంట్రా" అంటే, "వర్షం" అని చెప్పి ఊరుకున్నాను.

అసలు ధర ఎంత పడింది

హైదరాబాద్ రాగానే చేయించిన పనుల బిల్లు ఇది. రెండు టైర్లు 10,500. చైన్ సెట్ 4,800. ఫోర్క్ ఆయిల్, సీల్స్ 2,700. బ్రేక్ ప్యాడ్లు, ఫ్లూయిడ్ 2,900. బ్యాటరీ 1,600. కోన్ సెట్ కూలీతో కలిపి 2,500. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలంట్ 2,600. మొత్తం 27,600. అంటే నా బండి ధర 85 వేలు కాదు, లక్షా పన్నెండు వేల ఆరు వందలు.

ఈ డబ్బు పోయిందని నాకు బాధ లేదు. మూడు ట్రిప్పుల ముందే పెట్టాల్సింది కదా అన్నదే బాధ. అందుకే నా సలహా: పాత టూరింగ్ బైక్ కొనేటప్పుడు అడిగిన ధరకి పాతిక, ముప్పై వేలు మీరే కలిపేసుకుని, ఆ మొత్తానికి అది గిట్టుబాటవుతుందా అని ఆలోచించండి. గిట్టుబాటు కాకపోతే వదిలేయండి. సర్వీస్ తర్వాత చూసుకుందాం అని మాత్రం హైవే ఎక్కొద్దు.

కొనేముందు చూడాల్సినవి

టైర్ మీద నాలుగంకెలు. ఐదేళ్ళు దాటితే బటన్లు ఎంత బాగున్నా కొత్తవి వేయించే లెక్కలో ఉండండి.

బ్రేక్ ఫ్లూయిడ్ రంగు. ఇది గాలిలో తేమని పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్చాలి. టీ రంగుకి వచ్చిందంటే ఎవరూ పట్టించుకోలేదని అర్థం. బ్రేక్ హోస్‌ల మీద పగుళ్ళు కూడా చూడండి.

ఏబీఎస్. ఈ మోడల్‌లో ఏబీఎస్ లేని వేరియంట్ కూడా అమ్మారు, అది తక్కువకే దొరుకుతుంది. వద్దు. 125 సీసీ దాటిన అన్ని కొత్త బళ్ళకీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే కాబట్టి, అంతకుముందు బండైతే అడిగి మరీ చూసుకోవాలి.

పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇథనాల్ 20 శాతం కలిసినది. ఇన్నేళ్ళ కిందటి బళ్ళు దానికోసం తయారైనవి కావు. ఫ్యూయల్ హోస్‌లు, సీల్స్ మెకానిక్‌తో చెక్ చేయించండి. నెలల తరబడి ట్యాంక్ నింపి వదిలేయకండి.

ఆర్‌సీ. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు. నా బండికి 2028లో అయిపోతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి రెన్యూ చేయించుకోవాలి. ఫోన్‌కి సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఎన్నేళ్ళుందో చూసినట్టే ఇదీ చూడండి. ఏపీ నుంచి తెలంగాణకో, అటు నుంచి ఇటో వచ్చిన బండైతే ఎన్‌ఓసీ లేకుండా డబ్బులివ్వొద్దు.

ఎవరికి, ఎవరికి వద్దు

రోజూ ఆఫీసుకి ట్రాఫిక్‌లో వెళ్ళి, ఏడాదికోసారి ట్రిప్ వేసేవాళ్ళకి ఇది అనవసరం. మట్టి రోడ్లు, కొండలు ఎక్కాలనుకునేవాళ్ళకీ కాదు. రాత్రిపూట ఎక్కువ తిరిగేవాళ్ళు ఆ హాలోజన్ వెలుతురు చూసి నిర్ణయించుకోండి. నేనైతే చీకటి పడకముందే చేరేలా బయల్దేరతాను. బాడీ పార్ట్ విరిగితే ఆర్డర్ పెట్టి ఎదురుచూసే ఓపిక ఉండాలి. ఉత్పత్తి ఆగిపోయిన ఏ బండికైనా ఇది తప్పదు.

నెలకోసారి సొంతూరికో, ఇంకెక్కడికో మూడు, నాలుగొందల కి.మీ. హైవే మీద వెళ్ళేవాళ్ళకి, కొత్త బైక్ ఈఎంఐ కట్టలేనివాళ్ళకి ఇప్పటికీ నా మొదటి మాట ఇదే బండి. కొత్త టైర్లతో అదే డోన్ రోడ్డు మీద వర్షంలో మళ్ళీ వెళ్ళాను. ఈసారి బ్రేక్ పడితే బండి ఆగింది.

చివరిగా ఒకటి. కొనే ఆలోచన లేకపోయినా, ఇది చదివాక ఒకసారి పార్కింగ్‌లోకి వెళ్ళి మీ బండి టైర్ మీద ఆ నాలుగంకెలు చూడండి. మీ నాన్నగారి స్కూటర్ మీద కూడా.