సంతకం ఉన్న కాగితం పారేయకండి

చదరంగం ఆడే మన తమ్ముళ్లు, చెల్లెళ్లలో చాలామందికి ఓ కోరిక ఉంది. ఆనంద్ సంతకమో, హంపి సంతకమో ఒక్కటి దొరికితే ట్రంకుపెట్టె మూత లోపల అతికించుకోవాలని. మంచి కోరికే. పెద్ద పోటీల్లో ఆటగాళ్లు సంతకాలు చేసిన బోర్డులను, ఫోటోలను విదేశాల్లో వేలం పాటల్లో కొనేవాళ్లున్నారు. మనకంత స్తోమత లేదు. సంతకం కోసం ఖమ్మం నుంచి హైదరాబాద్ వెళ్లి రావాలన్నా చార్జీలు వెతుక్కోవాలి. అయితే సంతకం ఉన్న చదరంగం కాగితం మన దగ్గర లేదంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఎక్కువ సమయం ఇచ్చే క్లాసికల్ పోటీల్లో ప్రతి ఎత్తూ స్కోరు షీటు మీద రాయాలి. ఆట అయ్యాక ఫలితం వేసి, రెండు షీట్ల మీదా ఇద్దరూ సంతకాలు చేయాలి. పై కాగితం నిర్వాహకులది. కార్బన్ కాపీ ఆడినవారికి మిగులుతుంది. ప్రపంచ చాంపియన్‌కైనా, దమ్మపేటలో బస్సెక్కి పోటీకి వచ్చిన అమ్మాయికైనా ఇదే నియమం. 1972లో రెయిక్యవిక్‌లో ఫిషర్, స్పాస్కీ ఆడిన ఆటలను ఇవాళ మనం మన బోర్డు మీద పేర్చి చూడగలుగుతున్నామంటే అలా రాసిపెట్టబట్టే.

మరి మన కాపీలు? తిరుగు బస్సులో పల్లీల పొట్లాలవుతున్నాయి.

2002 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రపంచ కప్ జరిగింది. ఆనంద్ గెలిచాడు. ఫైనల్లో ఓడిన ఉజ్బెకిస్తాన్ ఆటగాడు రుస్తం కాసిమ్‌జనోవ్ సంతకం ఆరోజు ఎందరడిగారో గానీ, 2004లో ట్రిపోలీలో అతడే ఫిడే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అంత దూరం ఎందుకు, మన పక్క వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2018లో గ్రాండ్‌మాస్టర్. 2024 డిసెంబరు జాబితాలో 2800 రేటింగ్ దాటాడు. చిన్నప్పుడు అతనితో ఆడి ఓడిన పిల్లలు తమ షీట్లు దాచుకుని ఉంటే, వాటి విలువ వాళ్లకే తెలుస్తుంది.

"ఓడిన ఆట కాగితం దేనికన్నా?" అంటారు. ముందు దాచాల్సింది అదే. గుర్రం ఎక్కడ పోగొట్టుకున్నామో, బంటును ఎప్పుడు తొందరపడి తోశామో అందులో ఉంటుంది. కోచ్ లేని హాస్టల్లో తర్వాత వచ్చే పిల్లలకు సీనియర్ల షీట్లే పాఠాలు. మన హాస్టల్లో హాజరుకు రిజిస్టరుంది, బియ్యానికి రిజిస్టరుంది. మూడు గంటలు తలపట్టుకుని కూర్చుని మన పిల్లలు ఆలోచించిన ఆలోచనకు మాత్రం ఎక్కడా ఆనవాలు లేదు. ఇది నాకు పెద్ద లోటుగా కనిపిస్తోంది.

అందుకే వార్డెన్ సారును కోరుతున్నాను. ఆటలకు ఒక లాంగ్ బుక్కు కేటాయించండి. కార్బన్ అక్షరాలు వెలిసిపోతాయి గనుక ఎత్తులన్నీ పెన్నుతో ఎక్కించి, పక్కన అసలు కాపీ అతికించాలి. ర్యాపిడ్ పోటీల్లో షీటు రాయనక్కరలేదు. ఆట అయ్యాక గుర్తున్నంత రాసుకుని ఎదుటివారిని సంతకం అడగండి, కాదనేవారు తక్కువ. పుస్తకాన్ని పై అరలో పెట్టాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన సంగతి ఈ ప్రాంతం వాళ్లకు చెప్పాలా? మంచం కింది పెట్టెల్లో కాగితాలు మిగలవు.

పూర్వ విద్యార్థులు ఇళ్లలో పాత షీట్లుంటే వచ్చే వార్షికోత్సవానికి తీసుకురండి. జిరాక్సు తీసుకుని అసలువి మీకే ఇచ్చేస్తాం.