ఇంటి ముచ్చట్లు: కుక్కపిల్ల పళ్లెం ముట్టకపోతే

పోయిన నెలలో మా అబ్బాయి రాజపాళయం నుంచి తెల్లని కుక్కపిల్లను ఒకదాన్ని తువ్వాలులో చుట్టి ఒడిలో పెట్టుకుని మధురైలో బస్సు దిగాడు. ఆ జాతి సంగతి మనవాళ్లకు నేను వేరే చెప్పాలా? విజయనగర ప్రభువుల కాలం నుంచీ దక్షిణానికి తరలివచ్చిన మన రాజులు స్థిరపడ్డ ఊరు అది. ఆ ఊరి పేరే కుక్కకూ వచ్చింది. ఒళ్లంతా తెలుపు, ముక్కు మాత్రం గులాబి రంగు. 2005లో తపాలా శాఖవారు నాలుగు దేశవాళీ కుక్కజాతులకు బిళ్లలు వేస్తే, అందులో ఇదీ ఒకటి. అంత పరువుగల పిల్ల మా ఇంటికి వచ్చి చేసిన మొదటి పని, తిండి మానేయడం!

మా కోడలు పాలలో బిస్కత్తు నానబెట్టి పెట్టింది. నేను పెరుగన్నం కలిపాను. మనవడు కోడికూర తెచ్చాడు. సాయంత్రానికి దాని చుట్టూ నాలుగు పళ్లేలు, ఆ పళ్లేల చుట్టూ మేమందరం. "తిను తల్లీ, తిను" అని బతిమాలడమే పని. ఒక్కదాన్నీ మూతితో తాకలేదు. రాత్రంతా మూలుగు. తెల్లవారేసరికి మా అబ్బాయికి ఓపిక పోయింది. నోరు తెరిచి చెంచాతో పాలు పోశాడు. అవి ముక్కులోంచి వచ్చాయి. పిల్ల ఉక్కిరిబిక్కిరయింది. నా ప్రాణం అక్కడే పోయినంత పనయింది.

వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాము. ఆయన ముందు చీవాట్లు పెట్టారు. "బలవంతాన పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆకలికన్నా అదే ముందు చంపుతుంది" అన్నారు. తరువాత ఊపిరి విన్నారు, జ్వరం చూశారు, చిగుళ్లు నొక్కి చూశారు. నొక్కిన చోట తెల్లబడి, రెండు సెకండ్లలోపల మళ్లీ ఎరుపెక్కితే మంచిదట. అన్నీ బాగానే ఉన్నాయి. "అక్కడ దీనికి ఏం పెట్టేవారు?" అని అడిగారు. మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. పిల్లను తెచ్చుకున్నాము గాని, ఆ ఒక్క మాటా అడగలేదు! అక్కడే ఫోను చేసి కనుక్కుంటే, రాగిజావ, అందులో ఉడికిన గుడ్డు అని తేలింది.

ఆయన చెప్పిన పద్ధతి ఇది. తల్లినీ తోబుట్టువులనూ విడిచి వచ్చిన పిల్ల ఒకటి రెండు పూటలు సరిగా తినకపోవడం మామూలే. కొన్నాళ్లు పాత తిండే పెట్టాలి. మార్చదలచుకుంటే వారం రోజులపాటు కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి. గోరువెచ్చగా పెడితే వాసన వచ్చి ఆకలి పుడుతుంది. రోజుకు మూడు నాలుగుసార్లు, కొంచెం కొంచెంగా పెట్టాలి. పావుగంటలో తినకపోతే పళ్లెం తీసేయాలి. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి. ఆవుపాలు చాలా పిల్లలకు పడవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషంతో సమానం. మా మనవడు తెచ్చిన కూరను అది ముట్టకపోవడమే మా అదృష్టమన్నమాట!

ఇంటికి వచ్చి రాగిజావ పెట్టి అందరం తప్పుకున్నాము. నాలుగు గుక్కలు తాగింది. ఇంతలో కోడలు వెనకనుంచి వెళ్లి వీపు నిమిరింది. పిల్ల ఎగిరిపడి మంచం కిందికి దూరింది. రెండు రోజులు ఇదే వరస. మూడోనాడు మా మనవడు, "నాయనమ్మా, ఇది పిలిస్తే ఎప్పుడూ తిరగదు, చూశావా?" అన్నాడు. అది నిద్రపోతున్నప్పుడు దూరాన నిలబడి ఇత్తడి పళ్లెం మీద గరిటెతో కొట్టాము. చెవి కూడా కదపలేదు.

డాక్టరుగారు చూసి రెండు చెవులూ వినపడవన్నారు. తెల్లని ఒళ్లుండే జాతుల్లో ఇది కొన్నింటికి పుట్టుకతోనే వస్తుందట. ఒంటికి రంగునిచ్చే కణాలు లోచెవికి కూడా కావాలి. అవి అక్కడ లేకపోతే శబ్దాన్ని అందుకునే కణాలు చిన్నతనంలోనే నశిస్తాయి. మందు లేదు. దీనితో ఈత పెట్టించకూడదని కూడా చెప్పారు.

ఆ రాత్రి మా అబ్బాయి, "తిరిగి ఇచ్చేద్దాం. చెవిటి కుక్క కాపలాకేం పనికొస్తుంది?" అన్నాడు. మనవడు ఏడుపు మొదలుపెట్టాడు. అరుగుమీద కూర్చున్న మా అత్తగారికి ఎనభై ఎనిమిదేళ్లు. పదేళ్లుగా ఆవిడకూ సరిగా వినపడదు. సంగతేమిటని సైగ చేస్తే, నేను చెవి దగ్గర గట్టిగా చెప్పాను. ఆవిడ కొడుకు కొడుకువంక చూసి, "అయితే నన్నెప్పుడు పంపుతావురా నాయనా?" అన్నారు. వాడు మరి నోరెత్తలేదు.

ఇప్పుడు దాని పళ్లెం గోడమూలన, అది వాకిలి వైపు తిరిగి తినేటట్టు పెడుతున్నాము. ఎవరైనా ఎదురుగానే వస్తారు, లేదా దూరంనుంచే నేలమీద కాలు తడతారు. అదురు తెలిసి తల ఎత్తుతుంది. అరచెయ్యి చూపిస్తే భోజనమని తెలుసుకుంది. గొలుసు లేకుండా వీధిలోకి పోనివ్వము. పళ్లెం మాత్రం అద్దంలా నాకుతోంది.

అయితే అమ్మలారా, తినని పిల్లలన్నింటికీ బెంగే కారణమనుకోకండి. మూడు నెలలు నిండని పిల్ల పన్నెండు గంటలు ఏమీ తినకపోతే డాక్టరుకు చూపించాలి. వాంతులు, నెత్తుటి విరేచనాలు, చిగుళ్లు పాలిపోవడం, తల వాల్చేయడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా పన్నెండు గంటలు కూడా ఆగకూడదు. అది పార్వో వ్యాధి కావచ్చు. 1978 ప్రాంతాన లోకంలో బయలుదేరిన ఈ జబ్బు పిల్లలను రెండు మూడు రోజుల్లోనే తీసుకుపోగలదు. దీనికి టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా విడతలుగా వేయించాలి. నులిపురుగుల మందూ మరువకండి.

ఇక పిల్లను తెచ్చుకునే ముందు రెండు పనులు చేయండి. అది ఏం తింటున్నదో అడగండి. వెనక నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి. తిరగకపోతే వదిలి రమ్మని కాదు నేను చెప్పేది. ఎలా పెంచాలో ముందే తెలుసుకుని తెచ్చుకోండని.