విహారమా, సంహారమా?



చాలాకాలానికి మళ్ళీ కీబోర్డు ముందు కూర్చున్నాను. కూర్చోబెట్టినది ఒక కాగితం. హిందూపురం వైపు రెండురోజులు వెళ్ళివద్దామనుకొంటున్నామని నోరుజారి చెప్పినందుకు, బెంగళూరులో ఉద్యోగం చేసుకొంటున్న మా మేనల్లుని కుమారుడు ఎంతో ప్రేమతో తయారుచేసి పంపిన యాత్రాపట్టిక అది. శనివారం తెల్లవారుజామున ఐదు గంటలకు బయలుదేరాలి. లేపాక్షికి గంట. పెనుకొండకు గంటన్నర. సాయంకాలం పుట్టపర్తి, రాత్రి అక్కడే బస. ఆదివారం ఉదయమే కదిరి నరసింహస్వామి, ఆ పిమ్మట తిమ్మమ్మ మర్రిమాను, మధ్యాహ్నం ధర్మవరం. అక్కడ పట్టుచీరల కొనుగోలుకు నలభై నిమిషాలు. అడుగున ఎర్ర అక్షరాలతో ఒక హెచ్చరిక: "తాతా, ఎక్కడా ఆలస్యం చేయొద్దు."

నాకు అరవై ఎనిమిదేళ్ళు. మా ఆవిడకు అరవై నాలుగు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, నాకు మధుమేహం.

ముప్పయ్యేళ్ళకు పైగా ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా ఉపసర్గల పాఠం చెప్పినవాణ్ణి. ఆ కాగితం చూడగానే ఆ పాఠమే జ్ఞాపకం వచ్చింది. "హృ" అనే ధాతువు ఒక్కటే. దానికి "ఆ" చేరితే ఆహారం, "వి" చేరితే విహారం, "ప్ర" చేరితే ప్రహారం, "సం" చేరితే సంహారం. ధాతువు మారలేదు. ముందున్న చిన్న అక్షరం మారింది, అర్థం తలకిందులయింది. వృద్ధదంపతుల ప్రయాణాలకు మన సమాజంలో పట్టిన గతి ఇదే. విహారమని బయలుదేరదీసి సంహారం చేస్తున్నారు. చేసేవారికి దురుద్దేశం లేదు. ప్రేమతోనే చేస్తున్నారు. అందువల్లనే ఎదురుచెప్పడం కష్టమవుతున్నది. అయినా చెప్పక తప్పదు.

నా వాదం సూటిగా ఇది. పెద్దవాళ్ళకు కావలసినవి ఎక్కువ స్థలాలు కావు. ఉన్న స్థలంలో నీడపట్టున కూర్చోవడానికి ఒక అరుగు, తాగడానికి మంచినీళ్ళు, తలుపు తెరిచి ఉండే ఒక మరుగుదొడ్డి. ఈ మూడూ లేనిచోట పది స్థలాలు తిప్పినా ఒక్కటీ చూపించినట్లు కాదు. ఇవి ఉన్నచోట ఒక్కటి చూసినా చాలు.

ఈ మాట ఊరికే అనడం లేదు. కొన్నేళ్ళ క్రితం బంధువులతో కలిసి ఒక బస్సుయాత్రకు వెళ్ళాం. ఏ ఊరో, ఎవరు తీసుకువెళ్ళారో ఇక్కడ అప్రస్తుతం. మూడవ స్థలం దగ్గర మా ఆవిడ మెట్లమీద కళ్ళుతిరిగి కూలబడింది. అందరూ ఎండదెబ్బ అన్నారు. ఆమె తేరుకొన్న తరువాత తెలిసింది, ఉదయం నుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదని. ఎందుకని అడిగాను. "తాగితే వెళ్ళాల్సి వస్తుంది. అక్కడ ఉంటుందో ఉండదో, ఉన్నా తాళం వేసి ఉంటుందో" అన్నది. ఎంతకాలంగా ఇట్లా అని అడిగితే, "ఎప్పుడూ ఇంతే కదండీ" అన్నది. నలభై ఏళ్ళు కాపురం చేసిన నాకు ఆ సంగతి ఆనాటివరకు తెలియదు. తెలియకపోవడం నా సిగ్గు. కాని ఈ దేశంలో ఎందరు పెద్ద ఆడవాళ్ళు యాత్రలలో దాహాన్ని దిగమింగి దేవుణ్ణీ శిల్పాన్నీ చూసి వస్తున్నారో మీ ఇళ్ళలో మీరే అడిగి తెలుసుకోండి.

అందువల్ల ఆ పట్టికను మడిచి పెట్టెలో పెట్టి, మా పద్ధతిలో మేము వెళ్ళాం. శుక్రవారం సాయంకాలానికి అనంతపురం నుంచి బస్సులో హిందూపురం చేరాం. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం పుణ్యమా అని మా ఆవిడకు ఛార్జీ లేదు. నాకు అరవై దాటినవారి పావువంతు రాయితీ. రైలులో పెద్దలకు ఉండిన రాయితీని 2020 మార్చిలో ఆపివేసినప్పటినుంచి నేను బస్సు పక్షపాతినే. హిందూపురంలో అడిగి అడిగి మెట్లు ఎక్కనక్కరలేని గది తీసుకొన్నాం.

శనివారం ఉదయం లేపాక్షి. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరం. బండలు కాలకముందే చేరాం. చెప్పులు బయట విడిచి నడవాలి కనుక ఇది ముఖ్యం. కూర్మశైలం మీద పదహారవ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం. వచ్చినవాళ్ళు ఏం చేస్తున్నారో గమనించాను. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి తీస్తారు, ఏడు పడగల నాగలింగం ముందు ఫోటో దిగుతారు, వెళ్ళిపోతారు. మండపం కప్పుమీద చిత్రాలున్నాయి. పార్వతీకల్యాణం ఉన్నది, కిరాతార్జునీయం ఉన్నది, న్యాయంకోసం కన్నకొడుకునే శిక్షించిన మనునీతిచోళుని కథ ఉన్నది. వాటిని నిలబడి చూడడం మెడకు శిక్ష. మేము మండపంలో ఒకమూల రాతి అరుగు అంచున కూర్చొన్నాం. మెడ నొచ్చినప్పుడు దించుకొని, నొప్పి తగ్గాక మళ్ళీ ఎత్తి, కథ తరువాత కథగా చూశాం.

ఒక గంట గడిచాక మా ఆవిడ అన్నది: "ఈ బొమ్మల్లో ఏ ఇద్దరు ఆడవాళ్ళకూ ఒకే చీర లేదు చూశారా?" నేను చూడలేదు. ముందు పాతికేళ్ళలో పిల్లలను వెంటబెట్టుకొని నాలుగైదుసార్లు వచ్చాను, చూడలేదు. విరూపణ్ణ తన కన్నులు తానే పెరికి గోడకు విసిరాడని ఇక్కడ కథ చెబుతారు. కన్నులు పోగొట్టుకొన్నవాడు కట్టించిన గుడిని, కన్నులున్న మనం చూడకుండా వెళ్ళిపోతున్నాం.

బయట 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు గల ఏకశిలా నంది దగ్గర చెనిక్కాయలు అమ్మే ఆమె, "ఏం సామీ, బస్సుల్లో వచ్చినోళ్ళు అరగంటకే పోతాండారు. మీరేమో పొద్దున్నుంచి ఈడనే ఉండారే!" అన్నది. ఆ మాటలో ఎగతాళి లేదు, ఆశ్చర్యం ఉన్నది. ఒకచోట నిలకడగా ఉండడం చూసేవారికి ఆశ్చర్యమయ్యే రోజులు వచ్చాయన్నమాట. మధ్యాహ్నానికి గదికి వచ్చి భోంచేసి నిద్రపోయాం. సాయంకాలం హిందూపురం బజారులో తెలుగూ కన్నడమూ ఒకే వాక్యంలో కలిసిపోయే బేరాలు వింటూ టీ తాగాం. ఆ రోజుకు అంతే.

ఆదివారం తిరుగుదారిలో పెనుకొండ. 1565లో రక్కసి తంగడి యుద్ధం తరువాత విజయనగర రాజ్యం తలదాచుకొన్న రాజధాని. కొండ ఎక్కలేదు. ఎక్కనందుకు సిగ్గుపడలేదు. కిందనే గగనమహలు ఉన్నది, పార్శ్వనాథ ఆలయం ఉన్నది, బాబయ్య దర్గా ఉన్నది, పక్కపక్కనే నిలిచిన రామాలయ శివాలయాలున్నాయి. అందులో రెండే చూశాం, గగనమహలునూ ఆ జంట ఆలయాలనూ. ఓడిపోయి వచ్చినవాళ్ళు కూడా ఇంత నిబ్బరంగా పరిపాలించిన ఊళ్ళో మనం పరుగెత్తడం ఎందుకు?

సాయంకాలం ధర్మవరం. ఆంధ్రనాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు 1853లో పుట్టిన ఊరు. నలభై నిమిషాల పట్టికలో ఆయన పేరుకు చోటెక్కడిది? తెలిసినవారి ద్వారా ఒక నేతకారుని ఇంటికి వెళ్ళాం. మా ఆవిడ లేపాక్షి చీరల సంగతి ఎత్తగానే ఆయన మగ్గం ఆపి నవ్వాడు. అక్కడి లతామండపం స్తంభాలమీది లతలు, హంసలు తమ అంచులలోకి ఎట్లా దిగివస్తాయో పడుగుమీద వేలు పెట్టి చూపించాడు. శనివారం రాతిమీద చూసినది ఆదివారం పట్టుమీద కనిపించింది. ఈ రెంటి మధ్యనున్న దారి ఏ యాత్రాపట్టికలోనూ లేదు. కూర్చొన్నవాళ్ళకే అది కనిపిస్తుంది.

అయితే నేను చెప్పదలచుకొన్నది చీరల సంగతి కాదు. గడప దాటగానే ఆ ఇల్లాలు అన్న మాట: "మోకాళ్ళు నొస్తాంటే కింద వద్దమ్మా, కుర్చీ ఏస్తా కూచోండి." తరువాత చెంబుతో నీళ్ళు. ఆ తరువాత మా ఆవిడకు మాత్రమే వినపడేటట్లు, "బాత్రూము ఆ పక్కనుందమ్మా." ఆసనం, అర్ఘ్యం, పాద్యం అని మన శాస్త్రాలు చెప్పిన అతిథిమర్యాద ఇంతకంటె వేరా? మా ఆవిడ ఆ చెంబెడు నీళ్ళూ తాగింది. భయం లేకుండా తాగింది. ఒక మగ్గం ఇంటి ఇల్లాలికి అడగకుండానే తోచిన ఈ మూడు మర్యాదలు, స్వాగత తోరణాలూ సెల్ఫీ బోర్డులూ కట్టించే పెద్దలకు ఎందుకు తోచవు?

నాకు రాగల ఆక్షేపణలు తెలుసు.

"ఈ వయసులో తీర్థయాత్రలు చాలవా?" అంటారు. తీర్థయాత్రలో కష్టం పుణ్యంలో జమ అవుతుందని మనకొక నమ్మకం. ఆ నమ్మకం మాటున వసతులు కల్పించవలసినవాళ్ళు దాక్కొంటున్నారు. గగనమహలు చూస్తే పుణ్యం రాదు. అయినా దానిని చూడాలని ఒక ముసలివానికి ఉండరాదా? కేవలం చూడడం కోసమే చూడడం యువకుల సొత్తా?

"రక్షిత కట్టడాల దగ్గర ఏమీ కట్టరాదు, చట్టం ఒప్పుకోదు" అంటారు. చట్టం నేనూ చదివాను. 2010లో సవరించిన పురావస్తు చట్టం రక్షిత ప్రదేశానికి చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం అన్నమాట నిజమే. కాని అదే చట్టం "నిర్మాణం" అనే మాటను నిర్వచిస్తూ ప్రజల మరుగుదొడ్లను, అటువంటి సౌకర్యాలను అందులోనుంచి మినహాయించింది. ఇక చెట్టుకింద ఎత్తి పెట్టగల ఒక బల్లకు ఏ నిషేధం అడ్డు? చట్టం అడ్డు కాదు, అలక్ష్యం అడ్డు.

"ముందు ఆసుపత్రులు, తరువాత విహారాలు" అంటారు. ఆసుపత్రులు కావాలి, ఎవరు కాదన్నారు? కాని తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమాలకై 2007లో వచ్చిన చట్టం "సంక్షేమం" అంటే ఏమిటో చెబుతూ ఆహారాన్ని, ఆరోగ్యాన్ని మాత్రమే పేర్కొని ఊరుకోలేదు. వినోదకేంద్రాలను, ఇతర వసతులను కూడా చేర్చింది. ఆహారం ఒక్కటే కాదు, విహారమూ కావాలని చట్టానికే తెలుసు. మనకే తెలియలేదు.

"ఇంత దూరం వచ్చి ఒక్కటే చూస్తే డబ్బు దండుగ కదా" అనేవారికి సామెతే సమాధానం. పరుగెత్తి పాలు తాగేకన్న నిలబడి నీళ్ళు తాగడం మేలు. మా ఆవిడ విషయంలో నీళ్ళకే దిక్కులేకపోయింది, పాల మాట దేవుడెరుగు.

చివరగా నావంటి వృద్ధులకు ఒక మాట. తప్పు సగం మనది. "మాకెందుకులే, మీరు చూసి రండి, మేము బస్సులో కూర్చొంటాం" అని మనమే అలవాటు చేశాం. తాళం వేసిన తలుపు ముందు నోరెత్తకుండా తిరిగి వచ్చినది మనమే. అడగండి. తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదని అడగండి. నీడలో బల్ల ఎందుకు లేదని అడగండి. కాగితం మీద రాసి ఇవ్వండి. వయసు మళ్ళినవాడు వినయంగా ఇచ్చిన అర్జీని విసిరివేయడం ఎవరికైనా కొంచెం కష్టమే.

పిల్లలకు కూడా ఒక మాట. మీ పెద్దవాళ్ళను ఎన్ని స్థలాలు చూస్తారని అడగకండి. ఎక్కడ ఎంతసేపు కూర్చోవాలని ఉందో అడగండి.

తిరిగి వచ్చాక ఆ యాత్రాపట్టికను పెట్టెలోనుంచి తీసి, పాత అలవాటు కొద్దీ ఎర్రసిరాతో దిద్దాను. పుట్టపర్తి, కదిరి, మర్రిమాను కొట్టివేశాను. "నలభై నిమిషాలు" అన్నచోట "ఒక సాయంకాలం" అని రాశాను. "ఆలస్యం చేయొద్దు" అన్నదానిలో "వద్దు" తీసివేశాను. ఫోటో తీసి పంపితే వాడు ఫోను చేసి, "మరి మిగతావన్నీ ఎప్పుడు చూస్తారు తాతా?" అని అడిగాడు. మా ఆవిడ ఫోను అందుకొని, "శనివారాలు అయిపోయాయా నాయనా?" అన్నది.

మీ అనుభవాలు, ముఖ్యంగా మీ ఇళ్ళలోని అమ్మల, అవ్వల అనుభవాలు, వ్యాఖ్యలలో రాయండి. వాదానికి సిద్ధంగానే ఉన్నాను, కూర్చొని.

సెలవు.