మీ అబ్బాయిని తీసుకురండి

పోయిన నెల పింఛను డబ్బు తీసుకుందామని బ్యాంకుకు వెళ్ళాను. ఫారం మీద నా సంతకం గీత దాటి కిందికి జారిందట. కౌంటర్లో అమ్మాయి నా వెనక నిలబడ్డ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిని అడిగింది, "ఈయనతో ఎవరొచ్చారండీ?" అని. నేను అక్కడే ఉన్నాను. చెవులు కూడా ఉన్నాయి. తర్వాత మేనేజరు గారొచ్చి తీర్పు చెప్పారు: "ఈసారి మీ అబ్బాయిని తీసుకురండి మాస్టారూ, జాయింటు అకౌంటు చేయించేద్దాం." ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. చక్రవడ్డీ నోటితో కట్టి చెప్పగలను. మా అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు.

నాకున్నది గ్లకోమా, మన వాడుకలో నీటికాసులు. చుట్టుపక్కల చూపు ముందు పోతుంది, నడిమి చూపు చాలాకాలం మిగులుతుంది. అందుకే పొద్దున్నే పేపరు చదువుతాను, లేచి రెండడుగులు వేస్తే ద్వారబంధానికి నుదురు కొట్టుకుంటాను. "పేపరు కనపడుతుందట, గుమ్మం కనపడదట!" అని మా వీధిలో నవ్వుకుంటారు. వాళ్ళకు తెలియని సంగతి చట్టానికి తెలుసు. అద్దాలు పెట్టుకున్నా చూపు 3/60 కన్నా తగ్గిపోతేనే కాదు, చూపు పరిధి 10 డిగ్రీల లోపుకు కుంచించుకుపోయినా అది అంధత్వమేనని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రాసిపెట్టింది.

కళ్ళు నా దగ్గర తీసుకుపోయింది కొంతే. మిగిలినది మనుషులు లాక్కున్నారు, అదీ ప్రేమగా. "నువ్వు కూర్చో నాన్నా." ఈ మూడు మాటలంత పదునైన కత్తి నేనెరగను. మా ఆవిడ పోయాక ఆరేళ్ళుగా నా వంట నాదే. ఆవాలు చిటపటలాడటం తెలియడానికి కళ్ళెందుకు? వెల్లుల్లి వేగిందని ముక్కు చెబుతుంది. బీపీ మాత్రల డబ్బాకు ఒక రబ్బరుబ్యాండు, షుగరు మాత్రలకు రెండు. స్టీలు కంచం మెరుపులో తెల్లన్నం ఎక్కడుందో తెలియక అరిటాకుకు మారాను; పచ్చటి ఆకు మీద ప్రతి మెతుకూ కనపడుతుంది. ఇలా ఒక్కొక్కటీ దిద్దుకుంటూ వస్తుంటే సంక్రాంతికి వచ్చిన కూతురు గ్యాసు పొయ్యి అటకెక్కించి ఇండక్షన్ పొయ్యి పెట్టి వెళ్ళింది. పాత పొయ్యి చెవి తిప్పితే ఎంత తిరిగిందో వేళ్ళకు తెలిసేది. ఈ కొత్తదానికి చెవీ లేదు, మీటా లేదు, అద్దంలాంటి నున్నటి పలక. ఎక్కడ నొక్కాలో కళ్ళున్నవాళ్ళే చెప్పాలి. భద్రత కోసం తెచ్చిన వస్తువు నన్ను కర్రీ పాయింటు పాలు చేసింది. కొడుకు హాల్లో సీసీ కెమెరా పెట్టించాడు. చూపు తగ్గింది నాకైతే, చూడటం మొదలెట్టింది వాళ్ళు!

పడిపోతానని వాళ్ళ భయం. కాదనను. కుర్చీలో కూలేస్తే మాత్రం కాళ్ళు నిలుస్తాయా? పడకుండా ఉండాలంటే మా అపార్టుమెంటు నల్ల గ్రానైటు మెట్ల అంచుల మీద పసుపు రంగు గీతలు వేయించండి. నాలుగు మీటింగుల్లో అడిగాను. అందం పోతుందన్నారు.

సర్కారుదీ అదే చూపు. 2018 ఆగస్టు 15న తెలంగాణలో కంటి వెలుగు పథకం మొదలైంది, మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇంచుమించు అదే పేరుతో వచ్చింది. మంచి పనే. అద్దాలిచ్చారు, శుక్లాలున్న వాళ్ళను గుర్తించారు. అద్దాలతోనూ ఆపరేషన్‌తోనూ తిరిగిరాని చూపు సంగతేమిటి? నీటికాసుల్లో పోయింది పోయినట్టే, చుక్కల మందు ఉన్నది నిలబెట్టడానికే. నన్ను మొదట చూసిన డాక్టరుగారు "ఇంక చేసేదేమీ లేదండీ" అని ఫైలు మూశారు. కర్రతో మెట్లు దిగడం, ఫోను చేత మాట్లాడించుకోవడం, వంటిల్లు సర్దుకోవడం నేర్పేవాళ్ళు ఉంటారని ఆయన నోట రాలేదు. హైదరాబాదు ఎల్‌వీ ప్రసాద్ నేత్ర సంస్థలో ఆ పునరావాస విభాగమే ఉంది. ఆ ముక్క నేను తెలుసుకునేసరికి రెండేళ్ళు కుర్చీలో గడిచిపోయాయి. ఆ రెండేళ్ళూ ఎవరిస్తారు?

డబ్బు సంగతీ అంతే. జేబులో నోట్లు తీసి చూడండి. వంద, రెండొందలు, ఐదొందలు. వెడల్పు మూడింటికీ 66 మిల్లీమీటర్లే. పొడవు 142, 146, 150. నోటుకూ నోటుకూ నాలుగు మిల్లీమీటర్లు! అంచున తడిమి తెలుసుకునే ఉబ్బు గీతలున్నాయంటారు. సంతలో పది చేతులు మారిన నోటు మీద అవి అరిగి నున్నబడతాయి. ఆ తర్వాత 2020లో రిజర్వు బ్యాంకు నోటు విలువ చెప్పే ఫోను యాప్ ఒకటి తెచ్చింది. కూరగాయల బండి దగ్గర ఫోను తీసి, నోటు విప్పి, ఫోటో పట్టి... ఆ లోపు టమాటాలు పండిపోతాయి. నేను ఐదొందలు నిలువుగా మడుస్తాను, రెండొందలు అడ్డంగా.

ఆ రిజర్వు బ్యాంకే 2008 జూన్‌లో బ్యాంకులన్నిటికీ సర్క్యులర్ పంపింది. చెక్కుబుక్కు, ఏటీఎం, లాకరు, నెట్‌ బ్యాంకింగ్, ఏ సౌకర్యమూ చూపులేని ఖాతాదారుకు నిరాకరించకూడదని. "మీ అబ్బాయిని తీసుకురండి" అన్న మాట అందులో లేదు. సొంత డబ్బు వ్యవహారం సొంతంగా చూసుకునే హక్కు 2016 చట్టమూ ఇచ్చింది.

పిల్లల్లారా, మీ ప్రేమ మీద నాకు అనుమానం లేదు. పొయ్యి మాత్రం అటక మీంచి దించండి.

సోమవారం మళ్ళీ బ్యాంకుకు వెళుతున్నాను, ఒక్కణ్ణే. ఆ సర్క్యులరును పెద్ద పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించాను. నాకోసం కాదు, మేనేజరు గారికోసం.