పంపులు మాకు, పరిశోధన మీకా?

పత్తి చేనులో మందు కొట్టేది ఎవరు? ఓరుగల్లు చుట్టుపక్కల ఏ ఊరికి పోయి అడిగినా జవాబు ఒకటే వస్తుంది. పట్టా ఎవరి పేరు మీద ఉన్నా, వీపు మీద పంపు మోసేది ఎక్కువగా వాడ మనిషే. మందు పడ్డ చేనులో నడుం వంచి పత్తి ఏరేది వాడ ఆడబిడ్డలే. ఇప్పుడు మందు లేని సేద్యం రావాలని ఢిల్లీ నుంచి హైదరాబాదు దాకా అందరూ మాట్లాడుతున్నరు. పరిశోధనకు ఇంత, శిక్షణకు ఇంత అని ప్రభుత్వాలు కోట్ల రూపాయల గ్రాంట్లు రాస్తున్నయి. మంచిదే. మరి ఆ మందు వాసన అందరికంటే ఎక్కువ పీల్చినోళ్లకు ఆ డబ్బు మీద మాట చెప్పే హక్కు ఉన్నదా?

1997–98లో వరంగల్ జిల్లా పేరు దేశమంతా ఎందుకు మోగిందో మనం మరిచిపోలేం. ఆ ఏడు పత్తి మీద లద్దెపురుగు విరుచుకుపడ్డది. ఒక మందు మీద ఇంకో మందు కొట్టినా పురుగు చావలేదు. అప్పు చేసి కొన్న ఆ మందే తాగి రైతులు చచ్చిపోయిన్రు. వాళ్లలో చిన్న రైతులు, కౌలుదార్లే ఎక్కువ. రాష్ట్రంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లోనే వచ్చింది. అప్పటికి ముప్పై ఏండ్లు దాటింది. అయినా ఏ పురుగుకు ఏ మందు అని రైతుకు చెప్పింది ఎవరు? మందుల దుకాణపాయన. సర్కారు పైసలతో పుట్టిన వ్యవసాయ చదువు ఊరి పొలిమేర దాటి రాలేదు. ఉద్దెర ఇచ్చే దుకాణమే రైతుకు బడి అయింది.

ఆ రోజుల్లోనే ఇదే జిల్లాలో ఇంకో దారి మొదలైంది. లింగాల ఘనపురం మండలం ఏనెబావిలో ఆముదం చేన్లను ఎర్ర గొంగళిపురుగు తినేసేది. తొలకరికి భూమిలోంచి లేచే రెక్కల పురుగులను రాత్రిపూట మంటలు పెట్టి చంపుడు, ఒక చేను నుంచి ఇంకో చేనుకు పాకకుండ కందకం తీసుడు మొదలుపెట్టిన్రు. ఒక్కరు చేస్తే అయ్యే పని కాదది. ఊరంతా ఒక్క రాత్రి కదలాలె. జనగామ క్రాప్స్ సంస్థ, తర్వాత సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడుగా నిలిచినయి. 2006 నాటికి దాదాపు 50 ఇండ్లు, 280 ఎకరాల ఆ ఊరు రసాయన ఎరువు, పురుగుమందు పూర్తిగా మానేసినట్టు ప్రకటించుకున్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి మహిళా సంఘాల ద్వారా మందు లేని సాగును సెర్ప్ విస్తరించింది. 2007 తర్వాత దానికి రాష్ట్రీయ కృషి వికాస్ యోజన నిధులు కూడా వచ్చినయి. అంటే ప్రజల డబ్బు సరైన చోట పడితే పని అవుతుందని మన నేల మీదనే రుజువైంది.

అయితే ఒక మాట దాచుకోవద్దు. ఏనెబావి ఎక్కువగా బీసీ చిన్న రైతుల ఊరు. వాళ్లకు చారెడో బారెడో సొంత భూమి ఉన్నది. మన వాడకు ఏమున్నది? 2011 జనాభా లెక్కల్లో దేశంలో దళితులు నూటికి 16 మందికి పైనే. 2015–16 వ్యవసాయ గణనలో సాగు భూమిలో దళితుల చేతిలో ఉన్నది నూటికి తొమ్మిది ఎకరాల లోపే. ఉన్న కొద్దీ అసైన్డు చెలకలు, రాళ్ల భూములు. మిగతా వాళ్లంతా కౌలుకు చేసేటోళ్లు, కూలికి పోయేటోళ్లు. అందుకే పట్టా పాస్‌పుస్తకం చూసి ఇచ్చే ఏ గ్రాంటయినా వాడ దాకా రాకముందే ఆగిపోతుంది.

2015లో కేంద్రం పరంపరాగత్ కృషి వికాస్ యోజన తెచ్చింది. ఇరవై హెక్టార్లు ఒక క్లస్టర్. హెక్టారుకు మూడేండ్లలో రూ. 50,000 అని మొదట లెక్క కట్టిన్రు. భూమి మందు నుంచి కోలుకోవాలంటే మూడేండ్లు కావాలని వాళ్ల లెక్క. నిజమే కావచ్చు. కానీ మనోళ్లకు కౌలు ఇచ్చేది ఒక్క ఏడాదికి, అదీ నోటిమాట మీద. పెంట తోలి, పచ్చిరొట్ట దున్ని మట్టికి ప్రాణం పోస్తే మరుసటేడు ఆసామి ఏమంటడు? భూమి మంచిగైంది, కౌలు పెంచు, లేకుంటే ఇడిసిపెట్టు అంటడు. మన చెమట ఆయన భూమి విలువ అయిపోతుంది. 2024 నవంబరులో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను రూ. 2,481 కోట్లతో, 15,000 క్లస్టర్లతో, కోటి మంది రైతుల లక్ష్యంతో కేంద్రం ఆమోదించింది. ఆ కోటి మందిలో కౌలు కాగితం లేని మాదిగ, మాల రైతు ఎంతమంది అని అడిగే బాధ్యత మనదే.

ఇంకో సంగతి చూడండి. 1979లో ప్రత్యేక కాంపొనెంట్ ప్లాన్ వచ్చినప్పటి నుంచి ప్రభుత్వ ఖర్చులో మన జనాభాకు తగ్గ వాటా మనకు కేటాయించాలన్న నియమం ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో ఎన్నో ఉద్యమాల తర్వాత 2013లో ఉపప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చిన్రు. కేంద్రంలో వ్యవసాయ పరిశోధన శాఖ బడ్జెట్లో కూడా దళితుల పేర విడిగా పద్దు ఉంటది. ఆ పద్దు కింద ఏం చేస్తున్నరు? దేశంలో భారత వ్యవసాయ పరిశోధనా మండలి సంస్థల నివేదికలు తిరగేస్తే విత్తనాల సంచులు, టార్పాలిన్లు, కోడిపిల్లలు, మందు కొట్టే పంపులు పంచిన ఫొటోలు వరుసగా కనిపిస్తయి. వెనుక బ్యానరు, ముందు కుర్చీల్లో సార్లు, నిలబడి పంపు అందుకునేది మన మనిషి. తరతరాలుగా మోస్తున్న పంపునే మళ్లీ మన వీపుకు తగిలించి దాన్ని దళితుల అభివృద్ధి అంటే ఎట్ల నమ్మాలె?

పేద ఇంటికి కోడిపిల్ల వస్తే వద్దని ఎవరూ అనరు. కానీ పరిశోధన డబ్బంటే ప్రశ్న వేసే డబ్బు. ఏ ప్రశ్న వేయాలో ఎవరు నిర్ణయిస్తరో, జవాబు వాళ్లకే పనికొస్తుంది. ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు అన్నది భూమి ఉన్నోని ప్రశ్న. మన ప్రశ్నలు వేరే ఉన్నయి. ఆవు లేని ఇంట్ల బర్రె పేడ, మేక పెంటతో జీవామృతం చేస్తే పంటకు ఎంత పని చేస్తది? వేపాకు దెచ్చుడు, కషాయం నూరుడు, వడబోసుడుకు ఆడోళ్ల పొద్దు ఎంత పోతది, ఆ కూలి ఎవరి లెక్కలో రాస్తరు? ఏడాది కౌలులో ఖర్చు రాబట్టుకునే మందు లేని పంట ఏది? ఇరవై ఏండ్లు మందు కొట్టిన మనిషి కండ్లు, నరాలు, ఊపిరి ఏమైనయి? ఈ ప్రశ్నల మీద ఎన్ని గ్రాంట్లు ఇచ్చిన్రో లెక్క తీయమని అడుగుదాం.

మనోళ్లకు ప్రశ్న వేసుడు రాదనే పెద్దలకు రెండు సంగతులు గుర్తు చేయాలె. 2001లో మెదక్ జిల్లా అల్గోల్‌లో ప్రజాతీర్పు జరిగింది. పేద రైతులు, అందులో దళిత, ఆదివాసీ ఆడవాళ్లు జ్యూరీగా కూచున్నరు. విజన్ 2020 మీద సర్కారు మనుషులను, శాస్త్రవేత్తలను సాక్షులుగా నిలబెట్టి అడిగిన్రు. భూమి మీద బతికేటోళ్లను నూటికి 70 నుంచి 40కి తగ్గిస్తమన్న లెక్కను ఒప్పుకోమని తీర్పు చెప్పిన్రు. ఆ పక్కనే జహీరాబాద్ మండలం పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్లు కొర్ర, సామ, జొన్న విత్తనాలు దాచి, పంచి, బతికించిన్రు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. బడికి పోనియ్యని ఆడవాళ్లు పరిశోధన చేసి చూపెట్టిన్రు.

బయటి దేశం సంగతి కూడా తెలుసుకుందాం. అమెరికాలో 1988లో సుస్థిర వ్యవసాయ పరిశోధన, విద్య కోసం కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లు మొదలైనయి. అందులో ఒక పద్దు కింద రైతే తన ప్రశ్న రాసి, తన చేనులోనే ప్రయోగం చేయడానికి డబ్బు తీసుకోవచ్చు. ఎవరికి ఇవ్వాలో చూసే మండళ్లలో రైతులు కూడా కూచుంటరు. ఇది మనం నేర్వదగ్గది. అదే దేశంలో నేర్వరానిదీ ఉన్నది. తెల్లోళ్ల వ్యవసాయ కాలేజీలకు 1862 చట్టంతోనే పునాది పడితే, నల్లోళ్ల కాలేజీలకు 1890 దాకా ఆగవలసి వచ్చింది. ఆ తర్వాత కూడా సరి వాటా ఇయ్యలేదు. ముప్పై ఏండ్లలోనే 1,200 కోట్ల డాలర్లకు పైగా ఎగ్గొట్టిన్రని 2023లో అక్కడి కేంద్ర మంత్రులే 16 రాష్ట్రాల గవర్నర్లకు ఉత్తరాలు రాసిన్రు. చట్టంలో వాటా ఉంటే చాలదు, ఏటా లెక్క అడిగేటోళ్లు ఉండాలని ఆ ఉత్తరాలు చెప్తున్నయి.

ఈ లెక్క మన దగ్గర మొదట అడిగినాయన జోతిబా ఫూలే. శూద్ర, అతిశూద్ర రైతులు కట్టే పన్నులతో పైకులాల పిల్లలకు పెద్ద చదువులు చెప్పిస్తున్నరని 1882లో హంటర్ కమిషన్ ముందు పెట్టిండు. నూట నలభై ఏండ్లు దాటింది. సబ్బు మీద, సెల్లు రీచార్జి మీద మనం కట్టిన పన్ను కూడా ఆ గ్రాంట్లలో ఉన్నది. కాబట్టి ఇది దయ అడుగుడు కాదు.

మన డిమాండ్లు నాలుగు. ఒకటి, మందు లేని సాగు గ్రాంట్లకు పట్టా పుస్తకం అడగొద్దు. సాగు చేసేటోడే రైతు అని గ్రామసభ రాసిస్తే చాలనాలె. రెండు, క్లస్టర్‌లో కౌలుదారు ఉంటే కనీసం మూడేండ్ల రాతకోత కౌలు ఉండాలె. మూడు, పరిశోధన సంస్థల్లో మన పద్దు డబ్బుతో ఏ ప్రశ్న మీద పని చేయాలో మన కూలీలు, కౌలుదార్లు, ఆడవాళ్లు కూచుని తేల్చాలె. నాలుగు, మందు కొట్టే కూలీల ఆరోగ్యం మీద ఉమ్మడి వరంగల్ ఊర్లలో ప్రభుత్వం పరీక్షలు చేయించి ఫలితాలు తెలుగులో ఊరికి చెప్పాలె.

కార్యకర్తలకు పని ఉన్నది. మామునూరు, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాలకు, వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానానికి 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. గడిచిన ఐదేండ్లలో దళితుల పద్దు కింద ఎంత వచ్చింది, ఏ ఊర్ల, దేని మీద ఖర్చయింది అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇయ్యాలె. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నోళ్లకు ఫీజు లేదు. కృషి విజ్ఞాన కేంద్రానికి శాస్త్రీయ సలహా సంఘం ఉంటది, అందులో రైతులకు కుర్చీలుంటయి. ఆ కుర్చీల్లో ఎవరున్నరో పేర్లు అడగండి. వచ్చిన జవాబులను వాడలో నలుగురి ముందు చదివి వినిపించండి.

పక్క జిల్లాలు ఏమీ చేయకముందే మనం మొదలుపెట్టొచ్చు. ఆ విశ్వవిద్యాలయానికి పేరు పెట్టిన జయశంకర్ సారు మన అక్కంపేట మనిషే. పేరు మన జిల్లాది అయినప్పుడు, ప్రశ్న మన వాడది కావాలని అడుగుడు తప్పెట్లయితది?

జై భీమ్!