‘సిస్టం తీసుకోవడం లేదమ్మా’ అన్నప్పుడు తీసుకోనిది ఎవరు?

పింఛనుకో, ఆదాయ ధ్రువపత్రానికో, కూతురి స్కాలర్‌షిప్పుకో మీసేవ లాంటి కేంద్రానికి వెళ్ళిన ఒంటరి స్త్రీలకు తరచుగా ఎదురయ్యే మాట ఒకటుంది: ‘‘సిస్టం తీసుకోవడం లేదమ్మా.’’ ఆ మాట అన్న అబ్బాయి కసురుకోడు, లంచం అడగడు. నిజానికి అతనూ నిస్సహాయుడే. తెర మీద ‘భర్త పేరు’ అన్న గడి ఎర్రబడింది. అది నిండితే తప్ప ఫారం ముందుకు కదలదు. ఆమె కాగితాలు సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోతుంది. ఆమెకు హక్కు లేదని ఎవరూ అనలేదు. కానీ హక్కు మాత్రం దక్కలేదు.

ఇంతకీ ఈ సిస్టం ఎవరు? పితృస్వామ్యాన్ని కుటుంబంలో, మతంలో, చట్టంలో, పాఠ్యపుస్తకంలో గుర్తుపట్టడం మనం నేర్చుకున్నాం. కంప్యూటరు ఫారంలోని గడుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం అది ఇంజనీర్ల వ్యవహారమని వదిలేస్తున్నాం. ఏ గడి తప్పనిసరి, అందులో ఏది రాస్తే చెల్లుతుంది, ఏది రాస్తే చెల్లదు అని నిర్ణయించే నియమాలు సాంకేతిక వివరాలు కావు. అవి ఏ సభలోనూ చర్చకు రాకుండా, ఏ గెజెట్‌లోనూ అచ్చు కాకుండా అమలవుతున్న చట్టాలు. వాటిని మన ఉద్యమాల ఎజెండాలోకి తీసుకురావలసిన అవసరం ఉందని నా అభిప్రాయం.

ముందు ఈ నియమాలు పనిచేసే తీరు కొంచెం తెలుసుకోవాలి. వెబ్ ఫారంలో రాసినదాన్ని రెండు చోట్ల సరిచూస్తారు. మొదటిది మన ఎదురుగా ఉన్న ఫోనులోనో కంప్యూటరులోనో, బ్రౌజరులో. ఎర్ర నక్షత్రం గుర్తు, ‘ఈ గడి నింపండి’ అనే హెచ్చరిక, పది అంకెలు లేని ఫోను నంబరును ఒప్పుకోకపోవడం ఇక్కడి పని. పేజీ రాసేటప్పుడు ఒక గడికి ‘రిక్వయిర్డ్’ అనే ఒక్క మాట తగిలిస్తే చాలు, అది ఖాళీగా ఉన్నంతసేపూ ఫారం వెళ్ళదు. ‘ప్యాటర్న్’ అనే మాటతో అందులో ఏ అక్షరాలు ఉండవచ్చో కూడా శాసించవచ్చు. రెండోది, ఫారం చేరిన దూరపు సర్వర్‌లో. బ్రౌజరులోని తనిఖీని కొంచెం తెలిసినవాళ్ళెవరైనా దాటిపోగలరు. అందుకే సర్వర్ అంతా మళ్ళీ సరిచూసుకోవాలన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం. మొదటి తనిఖీ నింపేవాళ్ళ సౌకర్యం కోసం. రెండోది సంస్థ భద్రత కోసం. ఆ వెనక డేటాబేసులో ‘ఈ గడి ఖాళీగా ఉండరాదు’ అని ఇంకో షరతు కూడా ఉండవచ్చు.

కాబట్టి ఒక నియమం మారాలంటే ఇన్ని చోట్లా మారాలి. కోర్టు తీర్పు వచ్చి సర్వర్‌లో నియమం సడలించినా, పేజీలో ఎర్ర గుర్తు అలాగే ఉండిపోతే ఆ తీర్పు ఆమెదాకా రాదు. పేజీలో గుర్తు తీసేసి సర్వర్‌ను మరచిపోతే ఇంకా అన్యాయం. అన్నీ నింపి, చివరి మీట నొక్కాక, ఎందుకో చెప్పకుండా ‘లోపం సంభవించింది’ అంటుంది.

ఫారం గడి స్త్రీల హక్కుల సమస్య కావడం కొత్త కాదు. 1984లో రచయిత్రి గీతా హరిహరన్ తన మైనరు కొడుకు పేరున బాండ్ల కోసం రిజర్వు బ్యాంకుకు దరఖాస్తు పెట్టారు. సంరక్షకురాలిగా తనే సంతకం చేశారు. తండ్రి సంతకం కావాలి, లేదా సంరక్షకురాలినని అధికారిక పత్రం తేవాలి అని బ్యాంకు తిప్పి పంపింది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో సహజ సంరక్షకులు ‘తండ్రి, అతని తరువాత తల్లి’ అని ఉంది. ఆ ‘తరువాత’కు అర్థం తండ్రి చనిపోయాక అని మాత్రమే కాదని, అతను బాధ్యత తీసుకోని పరిస్థితులు కూడా అందులోకి వస్తాయని సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. ఆ తీర్పులో సమానత్వం సంపూర్ణంగా లేదన్న విమర్శ మనకుంది. అది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసింది ఒక్కటే. బ్యాంకు ఆమె దరఖాస్తును కాగితం మీద తిరస్కరించింది. ఆ కాగితం పట్టుకునే ఆమె కోర్టుకు వెళ్ళగలిగింది.

ఇక 2016కు రండి. కూతురిని ఒంటరిగా పెంచుకున్న ఒక తల్లి ఆ అమ్మాయి పాస్‌పోర్టు కోసం ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. అంతకు ముందు తండ్రి పేరు లేకుండానే ఆ అమ్మాయికి పాస్‌పోర్టు ఇచ్చారు. ఇప్పుడు మాత్రం తండ్రి పేరు రాయనిదే కంప్యూటరు దరఖాస్తును తీసుకోదన్నారు. తండ్రి పేరు కావాలని చట్టంలో ఎక్కడా లేనప్పుడు పట్టుబట్టే అధికారం లేదని, సాఫ్ట్‌వేర్ అడ్డంకిని కారణంగా చూపి దరఖాస్తును తోసిపుచ్చలేరని ఆ ఏడాది మే నెలలో కోర్టు చెప్పింది. సాఫ్ట్‌వేర్‌నే మార్చుకుని దరఖాస్తు తీసుకొమ్మని ఆదేశించింది. డిసెంబరులో విదేశాంగ శాఖ నియమాలు సడలించి, తల్లి, తండ్రి, చట్టబద్ధ సంరక్షకులలో ఎవరో ఒకరి పేరు చాలంది. 2018 నవంబరులో ఆదాయపు పన్ను శాఖ పాన్ కార్డు దరఖాస్తులోనూ, తల్లి ఒక్కతే పెంచుతున్నప్పుడు తండ్రి పేరు తప్పనిసరి కాదని నియమం సవరించింది.

ఈ తీర్పు చిన్నదిగా కనిపిస్తుంది గాని, మనకు చాలా అవసరమైన సూత్రం ఇందులో ఉంది. చట్టం అడగనిదాన్ని గడి అడగకూడదు.

కానీ హైకోర్టుదాకా వెళ్ళగలిగినవాళ్ళు ఎందరు? ఫారం ముందుకు కదలకపోతే దరఖాస్తు అన్నదే పుట్టలేదు. దరఖాస్తు లేదు కనుక తిరస్కరణ లేదు. తిరస్కరణ లేదు కనుక అప్పీలు లేదు. గుమస్తా కాదంటే ‘ఆ ముక్క రాసివ్వండి’ అని నిలదీయవచ్చని మహిళా సంఘాలు ఏళ్ళ తరబడి గ్రామాల్లో నేర్పాయి. ఎర్రబడ్డ గడిని ఏమని నిలదీస్తాం? పథకానికి ఎన్ని దరఖాస్తులు వచ్చాయో, ఎన్ని మంజూరయ్యాయో ప్రభుత్వం లెక్క చెబుతుంది. గడి దగ్గరే ఆగిపోయి వెనక్కి వెళ్ళినవాళ్ళు ఏ లెక్కలోనూ లేరు.

ఆగిపోయేది ఎవరో ఊహించడం కష్టం కాదు. ఇంటిపేరు, పేరు రెండూ తప్పనిసరి అంటే, అన్ని కాగితాల్లోనూ ఒక్క ‘ఎల్లమ్మ’గానే ఉన్న ఆమె ఏం రాయాలి? కనీసం రెండక్షరాలుండాలన్న నియమం ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంతో రాసుకునే మనవాళ్ళను తోసేస్తుంది. పెళ్ళితో ఇంటిపేరు మారి ఒక కాగితంలో పుట్టింటిది, ఇంకోదానిలో అత్తింటిది ఉంటే ‘పేరు సరిపోలలేదు’ అంటుంది. మగవాళ్ళకు సాధారణంగా ఈ బాధ లేదు, పెళ్ళి వాళ్ళ పేరు మార్చదు కనుక. పుట్టినరోజు తెలియని ముసలమ్మలు ఎందరో జనవరి ఒకటిన పుట్టినవాళ్ళయిపోయారు.

ఫోను సంగతి మరీ ముఖ్యం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో తామే వాడుకునే మొబైల్ ఫోను ఉన్నవాళ్ళు 54 శాతం. అంటే దాదాపు సగం మందికి లేదు. 2021లో అసంఘటిత కార్మికుల కోసం ఈ-శ్రమ్ నమోదు మొదలుపెట్టినప్పుడు, ఎవరికి వారు నమోదు చేసుకోవాలంటే ఆధార్‌తో ముడిపడిన మొబైల్ నంబరు కావాలన్నారు. ఇళ్ళలో పనిచేసే స్త్రీకి ఆ నంబరు చాలాసార్లు భర్తదో కొడుకుదో. సంక్షేమ పథకంలో ఇది పరాధీనత. గృహహింస ఫిర్యాదులో ప్రాణాపాయం. ఫోను నంబరు తప్పనిసరి చేస్తే, ఓటీపీతోపాటు ‘మీ ఫిర్యాదు అందింది’ అన్న సందేశం కొట్టినవాడి చేతిలోనే మోగుతుంది.

చట్టం ఇచ్చినదాన్ని గడి ఎలా కుదించగలదో చూడండి. 2005 గృహహింస చట్టం భార్యలకే పరిమితం కాదు. తల్లులు, అక్కచెల్లెళ్ళు, పెళ్ళి వంటి సంబంధంలో ఉన్నవాళ్ళు కూడా దాని పరిధిలో ఉన్నారు. ప్రతివాది ‘వయోజన పురుషుడే’ కావాలన్న మాటలను సుప్రీంకోర్టు 2016లో కొట్టేసింది. ఫిర్యాదు ఫారంలో ‘భర్త పేరు’ తప్పనిసరి చేసినా, ప్రతివాది దగ్గర ‘పురుషుడు’ ఒక్కటే ఎంచుకునేలా పెట్టినా, ఆ చట్టంలో సగం మాయమవుతుంది. పనిస్థలంలో లైంగిక వేధింపుల చట్టం, 2013, ఫిర్యాదుకు మూడు నెలల గడువు పెట్టి, తగిన కారణాలుంటే ఇంకో మూడు నెలలు పొడిగించే అధికారం కమిటీకి ఇచ్చింది. మూడు నెలలు దాటిన తేదీని తీసుకోని గడి పెడితే ఆ విచక్షణ కమిటీ చేతిలోంచి జారిపోతుంది. ఎవరి లింగ గుర్తింపును వాళ్ళే నిర్ణయించుకోవచ్చని సుప్రీంకోర్టు నల్సా కేసులో చెప్పింది 2014లో. పేజీలో మూడో వరుస చేర్చి, సర్వర్‌లో రెండే ఒప్పుకుంటే ఆ తీర్పు తెర మీదే ఆగిపోయినట్టు.

సామాజిక పరిశోధన చేసేవాళ్ళకు ఇంకో నష్టం ఉంది. తప్పనిసరి గడి నిజాన్ని రాబట్టదు, అబద్ధాన్ని పుట్టిస్తుంది. పని జరగాలి కనుక ఆ గడిలో ఒక చుక్క పెడతారు, మేనమామ పేరు రాస్తారు, వదిలేసి వెళ్ళినవాడి పేరే రాస్తారు. రేపు ఆ సమాచారం తీసి చూస్తే ఈ దేశంలో భర్త లేని ఆడదే ఉండదు. ఒంటరి స్త్రీల కోసం విధానం కావాలని మనం అడిగితే, ‘లెక్కల్లో వాళ్ళు లేరే’ అన్న జవాబు వస్తుంది.

అయితే అసలు ఏ తనిఖీ వద్దని కాదు నా వాదన. తొమ్మిది అంకెల ఫోను నంబరును ఒప్పుకుంటే సాయం కోరిన స్త్రీకి తిరిగి ఫోను చెయ్యలేం. సర్వర్ తనిఖీ బలహీనంగా ఉంటే, గడిలో హానికరమైన ఆదేశాలు రాసి మన కేసుల వివరాలన్నీ దొంగిలించగల వాళ్ళున్నారు. అది ఆ స్త్రీలకు మనం చేసే ద్రోహమవుతుంది. కాబట్టి సమాచారాన్ని కాపాడే తనిఖీ ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది. మనిషి జీవితం ఇలాగే ఉండాలని శాసించే తనిఖీతోనే మన తగాదా.

ఈ తేడా ముందు మన ఇంట్లో పాటించాలి. ఇప్పుడు చాలా సంస్థలు సర్వేలు, కేసుల నమోదు, శిక్షణ దరఖాస్తులు కంప్యూటరు ఫారాల్లోనే చేస్తున్నాయి. ఏ గడి తప్పనిసరి అన్నది సాధారణంగా ఫారం తయారుచేసిన కుర్రవాడికో, నివేదిక అడిగే దాతృ సంస్థకో వదిలేస్తాం. ఆ నిర్ణయం కార్యకర్తలందరూ కూర్చుని చెయ్యాలి. ప్రతి తప్పనిసరి గడికీ ‘ఇది లేకపోతే ఏ పని ఆగుతుంది?’ అని అడగాలి. జవాబు లేకపోతే ఆ గుర్తు తీసెయ్యాలి. ఖాళీ అంతా ఒకటే కాదు. ‘వర్తించదు’, ‘తెలియదు’, ‘చెప్పదలచుకోలేదు’ అన్న మూడింటికీ విడివిడిగా చోటుండాలి. వింతగా కనిపించినదాన్ని అడ్డుకునే బదులు ప్రశ్నించాలి. వయసు 104 అని రాస్తే ‘సరిగానే రాశారా?’ అని అడిగి, అవునంటే తీసుకోవాలి. ఫోను నంబరుతోపాటు ‘ఈ నంబరుకు సందేశం పంపితే మీకు ప్రమాదమా?’ అన్న ప్రశ్న ఉండాలి. ఇవన్నీ పేజీలోనూ సర్వర్‌లోనూ ఒకేలా ఉన్నాయో లేదో ఎవరైనా పరీక్షించి చూడాలి.

ప్రభుత్వాన్ని మూడు విషయాలు అడగాలి. మొదటిది, ప్రతి ప్రభుత్వ వెబ్ ఫారంలోని నియమాలూ తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా ప్రకటించాలి. ప్రతి తప్పనిసరి గడి పక్కనా అది ఏ చట్టం, ఏ సెక్షన్ కింద తప్పనిసరో రాయాలి. సిబ్బంది ఏ నియమాలు, సూచనల ప్రకారం పనిచేస్తారో తనంతట తానే వెల్లడించాలని, నిర్ణయం వల్ల నష్టపోయినవాళ్ళకు కారణం చెప్పాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ అంటోంది. సిబ్బంది బదులు యంత్రం కూర్చున్నంత మాత్రాన ఆ బాధ్యత తీరిపోదు. రెండోది, ఫారం ముందుకు వెళ్ళనప్పుడు ఏ గడి దగ్గర, ఏ కారణంగా ఆగిందో తెలిపే తేదీతో కూడిన రసీదు ఇవ్వాలి. ఆ రసీదును తిరస్కరణగా పరిగణించి అప్పీలుకు అవకాశం కల్పించాలి. ఏ గడి దగ్గర ఎంతమంది ఆగారో, వాళ్ళ వివరాలు బయటపెట్టకుండా, ఏటా ప్రచురించాలి. మూడోది, కంప్యూటరు తీసుకోని దరఖాస్తును కాగితం మీద తీసుకునే బాధ్యత ప్రతి కేంద్రంలోనూ ఒక అధికారికి ఉండాలి.

ఇందులో డబ్బు ఖర్చయ్యేది తక్కువ. ఒక గడిని తప్పనిసరి చేసింది ఒక్క మాట. దాన్ని తీసెయ్యడమూ అంతే తేలిక. కాకపోతే ఎవరో అడగాలి. ఈసారి మీ ప్రాంతంలో ఎవరికైనా ‘సిస్టం తీసుకోవడం లేదు’ అన్న జవాబు వస్తే, ఏ ఫారం, ఏ గడి, ఏ తేదీ అన్నది ఒక పుస్తకంలో రాసి ఉంచండి. తెర మీద కనిపించిన హెచ్చరికను ఫొటో తీయించండి. పది మంది పది కేంద్రాల నుంచి అలాంటి పుస్తకాలు తెచ్చి ఒకచోట పెడితే, గీతా హరిహరన్‌కు బ్యాంకు పంపిన కాగితం లాంటిది మన చేతిలోనూ ఉంటుంది.