పెరటి పిట్టల కోసం

గూట్లోంచి పడిన పికిలిపిట్ట పిల్లను ఏం చేయాలి? వేసవిలో పాఠకులు ఎక్కువగా అడిగేది ఇదే. ఒంటినిండా ఈకలుండి గెంతుతుంటే పిల్లిని దూరంగా ఉంచి వదిలేయండి. తల్లీతండ్రీ దగ్గర్లోనే ఉండి మేత పెడతాయి. ఈకలు రాని పసికూనైతే మెల్లగా గూట్లో పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది అపోహ. నోట్లో నీళ్లు మాత్రం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే చచ్చిపోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో వేల చెట్లను కూల్చేసింది. చెట్లు అలా పోయాయి, ఇక అపార్టుమెంట్లలో పిచ్చుకకు చూరూ లేదు, గోడకన్నమూ లేదు. వరికంకుల కుచ్చు కట్టడం మంచిదే. కానీ పిచ్చుక పిల్లలకు కావలసింది పురుగులు. మందు కొట్టని గుబురు మొక్క ఒక్కటైనా ఉంచండి.

పిట్టలంటే ఇష్టమని రామచిలుకను పంజరంలో పెట్టడం మాత్రం చట్టప్రకారం నేరం.

ఎండాకాలంలో బాల్కనీలో మట్టి మూకుడులో నీళ్లు పెట్టండి, రోజూ కడిగి మార్చండి.